అంచున ఉన్న మూత

మా క్వార్టర్ వరండాలో అరవై నాలుగు సోడా మూతలు ఉండేవి. ఎవరి కాలైనా తగిలి అవి చెదిరిపోతే నాకు ఒళ్లు మండిపోయేది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో వరండా అంటే ఎంతని? ఒక మంచం, ఒక సైకిలు, ఆరేసిన బట్టలు. అందులో సగం నా మూతలే ఆక్రమించాయి. అమ్మ చీపురు పట్టుకుని నిలబడి, "ఎమ్మెస్సీ సదువని సెప్పి ఇంట్లో గవ్వలాట పెట్టీసింది. ఎవులైనా చూస్తే నవ్విపోతారు" అనేది. నేను తల ఎత్తకుండా, "చూడనీ, నాకేటి" అనేదాన్ని.

ఎనభైల చివరి సంవత్సరాలవి. డిపార్ట్‌మెంట్‌లో తాళం వేసిన గదిలో ఒక కంప్యూటర్ ఉందని చెప్పేవారు. రెండేళ్లలో నేను దాని మీద కప్పిన గుడ్డను మాత్రమే చూశాను. అందుకే నా ప్రాజెక్టు లెక్క నేల మీద చెయ్యాల్సి వచ్చింది. ఇనుము అయస్కాంతంగా ఎలా మారుతుందో చెప్పే ఒక నమూనా అది. ప్రతి అణువూ పైకో కిందకో చూస్తుంది, అంతే. దానికి తన నాలుగు పక్కలా ఉన్న నలుగురు పొరుగువాళ్లు తప్ప ఇంకెవరూ తెలియదు. పైనుంచి హుకుం ఇచ్చేవాడు ఎవడూ లేడు. అయినా ఒక వేడికి దిగువన అన్నీ ఒకే వైపుకు తిరిగిపోతాయి. ఆ వేడి దాటితే ఎవరి మాట ఎవరూ వినరు. ఆ మార్పు మెల్లమెల్లగా కాక, ఒక గీత దాటినట్టు వచ్చేస్తుంది. ఫేజ్ ట్రాన్సిషన్ అంటారు దాన్ని.

ఎనిమిది వరసలు, వరసకు ఎనిమిది మూతలు. వెల్లకిలా పడితే పైచూపు, బోర్లా పడితే కిందచూపు. వరసగా ఒక్కో మూత దగ్గర ఆగి పొరుగులను లెక్కపెట్టాలి. ఎక్కువమంది ఎదురుగా ఉంటే ఆ మూతను తిప్పెయ్యాలి. ఎక్కువమంది దానితోనే ఉంటే పాచిక వెయ్యాలి, ఆరు పడితేనే తిప్పాలి. ఆ పాచికే వేడి. వేడి పెంచాలంటే అయిదుకూ తిప్పాలి. చల్లార్చాలంటే పాచిక జేబులో పెట్టుకోవాలి. ఇదంతా విని అమ్మ, "దీనికి పుస్తకాలెందుకే? నలుగురితో నారాయణ అనీసి మా అమ్మ ఎప్పుడో సెప్పింది" అంది. నిజం చెప్పొద్దూ, నాకు ఉక్రోషం వచ్చింది, ఎందుకంటే ఆవిడ చెప్పింది నా మొదటి అధ్యాయమే.

ఆ మూతలు తెచ్చిపెట్టింది మా వెనక క్వార్టర్లో ఉండే పాయింట్స్‌మన్. యార్డులో బండి ఏ లైను మీదికి వెళ్లాలో ఆ లైనుకు, పట్టాలు చీలేచోట ఉండే కాంటా మార్చి, తాళం వేసే మనిషి. బెల్తరా వైపు ఛత్తీస్‌గఢీవాడు. శ్రీకాకుళం వాళ్ల మధ్య ఇరవయ్యేళ్లు బతికి మా తెలుగు పట్టేశాడు. డ్యూటీ దిగాక ప్లాట్‌ఫారం మీద కూల్‌డ్రింక్ కొట్ల దగ్గర ఏరి, కడిగి, రుమాల్లో మూటకట్టి తెచ్చేవాడు. అరవై నాలుగో మూత తెచ్చిన రోజు నా పక్కనే గొంతుక్కూర్చుని ఆట చూశాడు. చూసి చూసి, మూలన ఉన్న మూత మీద వేలు పెట్టాడు.

"బిటియా, ఈ కినారే మీదున్నోడికి పొరుగు నలుగురు లేరు గదా. ఈడి సంగతేటి?"

మంచి ప్రశ్న అది. నేను టీచరమ్మలా గొంతు సవరించుకున్నాను. "లెక్కలో అంచు ఉండకూడదు కాకా. అందుకని ఈ అంచును తీసుకెళ్లి ఆ అంచుకు కలిపేస్తాం. అప్పుడు అందరికీ నలుగురే."

"అచ్ఛా! లేని చుట్టాల్ని తెచ్చి అంటగడతావన్నమాట" అని పకపకా నవ్వాడు. నాన్న కూడా నవ్వాడు. మా నాన్నది బండ్ల తనిఖీ ఉద్యోగం. ఆగిన గూడ్సు పక్కన నడుస్తూ, చక్రాలను సుత్తితో కొట్టి, మోత విని, పగులుందో లేదో చెప్పేవాడు. ఇద్దరూ ఒకే యార్డు మనుషులు, ఒకే బీడీకట్ట మనుషులు.

ఆ చలికాలంలో ఒక పొద్దున యార్డులో బొగ్గు వ్యాగన్ పట్టాలు తప్పి పక్క లైను మీదికి ఒరిగిపోయింది. షంటింగ్ చేసే ఒకతని కాలు దాని కింద నలిగిపోయింది. మోకాలి దాకా తీసేశారు.

ఇలాంటిది జరిగితే రైల్వేలో ఒక పద్ధతి ఉంది. పట్టాల వాళ్లు, ఇంజన్ వాళ్లు, యార్డు వాళ్లు, బండ్ల తనిఖీ వాళ్లు, ఒక్కో శాఖ నుంచి ఒక్కో సూపర్‌వైజర్ అక్కడికక్కడే కొలతలు తీసుకుని, కారణం ఇదీ అని ఒకే కాగితం మీద రాసి సంతకాలు పెట్టాలి. జాయింట్ నోట్ అంటారు. ఒప్పుకోనివాడు కింద తన మాట విడిగా రాయొచ్చు. రాయొచ్చని రూల్లో ఉంది, అంతవరకే. రాసినవాడిని మిగతా ముగ్గురూ కలిసి తినేస్తారని యార్డులో చిన్నా పెద్దా అందరికీ తెలుసు.

బండ్ల తనిఖీ తరఫున నాన్న కొలిచాడు. చక్రాలు సరిగ్గా ఉన్నాయి. కాంటా సరిగ్గా ఉంది, తాళం పడే ఉంది. కింద చెక్క స్లీపర్లు కుళ్లి పట్టాలు పక్కకు జరిగిపోయాయి. కానీ మిగతా ముగ్గురూ అప్పటికే ఒక మాట మీదికి వచ్చేశారు: పాయింట్స్‌మన్ కాంటా పూర్తిగా మార్చలేదు. మనిషి కాలు పోయింది కాబట్టి ఎవడో ఒకడి ఉద్యోగం పోవాలి. నలుగురిలో ఎవరిదీ పోకూడదంటే ఐదోవాడిది పోవాలి. నాన్న సంతకం పెడితే కాకా పని అయిపోయినట్టే. పెట్టకపోతే విచారణ పై స్థాయికి వెళ్తుంది, పట్టాలను మళ్లీ కొలుస్తారు. అన్నానికి ఇంటికెళ్లి నాలుగింటికల్లా వచ్చి పెడతానని నాన్న చెప్పి వచ్చాడు.

ఇదంతా నాకు తరువాత తెలిసింది. ఆ మధ్యాహ్నం వ్యాగన్ పడిందని మాత్రమే తెలుసు. నేను మూతల దగ్గర ఉన్నాను. పాచిక జేబులో పెట్టేసి, చల్లటి లెక్క చేస్తున్నాను. నాన్న రెండు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"అమ్మలూ, ఒక మూత ఉన్నాదనుకో. సుట్టూ ఉన్నవన్నీ బోర్లా పడిపోనాయి. అదొక్కతే ఎల్లకిలా ఉన్నాది. ఏటవుద్ది?"

"అదీ బోర్లా పడిపోద్ది నాన్నా."

"పడనంటే?"

"ఇంత చలిలో పడనంటే కుదరదు. నాలుగు వైపులా ఎదురే దానికి. ఇప్పుడు నిలబడినా దాని వంతు వచ్చేసరికి పడిపోద్ది."

"ఎలగైనా పడిపోద్దన్నమాట."

"లెక్క అదే నాన్నా. నువ్వు ఇలా మాట్లాడిస్తే నా వరస తప్పిపోతుంది."

"అచ్ఛా" అన్నాడు. సైకిలు తీసుకుని వెళ్లిపోయాడు. నేను తల ఎత్తి ఆయన మొహం కూడా చూడలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నన్ను చూసే పుట్టి ఉంటుంది.

నాలుగింటికి నాన్న సంతకం పెట్టాడు. నాలుగు నెలలకు కాకాను ఉద్యోగం నుంచి తీసేశారు. క్వార్టర్ ఖాళీ చేసే రోజు కాకా భార్య మా అమ్మ దగ్గరికి వచ్చి, "దీదీ, సాబ్ చక్రాలు కొలిచాడు గదా. ఆయనకి తెలుసు గదా" అంది. అరవలేదు, తిట్టలేదు. నాన్న లోపల గదిలో ఉన్నాడు. బయటికి రాలేదు. మర్నాడు అమ్మ మూతలన్నీ చీపురుతో ఊడ్చి డబ్బాలో పోసేసింది. నేను వద్దనలేదు. అప్పటికే ప్రాజెక్టు అయిపోయింది, మంచి మార్కులే వచ్చాయి.

రెండేళ్ల తరువాత సిర్గిట్టిలో ఒక గోడౌన్ ముందు కాకాను చూశాను. సిమెంటు బస్తాలు మోస్తున్నాడు. మొహమంతా సిమెంటు దుమ్ము, కళ్లు మాత్రమే మనిషివి. సైకిలు దిగాలా వద్దా అని నేను తన్నుకులాడుతుంటే ఆయనే పిలిచాడు. నా చదువు గురించి అడిగాడు. నాన్న ఆరోగ్యం గురించి అడిగాడు. తరువాత నవ్వి, "బిటియా, ఆ కినారే వాలా సంగతి తేలిందా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చేసింది. "లేదు కాకా" అని సైకిలెక్కేశాను. ఆ వానాకాలంలో ఆయన దగ్గుతో పోయాడని బెల్తరా నుంచి కబురొచ్చింది.

నాన్న రిటైరయ్యాక కుదుదండ్‌లో అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. ఒకరోజు టీ తాగుతూ, నేను అడక్కుండానే ఆయనే అన్నాడు. "నువ్వు సెప్పీసినావని పెట్టలేదమ్మలూ. పెట్టీద్దామనే వొచ్చినాను. ఎవులో ఒకలు తప్పు కాదంటే బాగున్ననిపించింది. నువ్వు లెక్క సెప్పినావు." అంతే. ఆ మాటతో నా మీది తప్పు తీసేస్తున్నానని ఆయన అనుకున్నాడు.

ఆయన పోయాక ట్రంకు పెట్టెలో చూస్తే పాత జేబు డైరీ దొరికింది. ఆ రోజు కొలతలన్నీ పెన్సిల్‌తో ఉన్నాయి. దాని మడతలో జాయింట్ నోట్ కార్బన్ కాపీ. నాలుగు సంతకాలు నాలుగు దిక్కులా లేవు. ఒకదాని కింద ఒకటిగా, వరసగా ఉన్నాయి. అన్నిటికన్నా కింద నాన్నది. దాని కింద ఖాళీ కాగితం, విడిగా నాలుగు మాటలు రాసుకోవడానికి సరిపడా.

ఈ నమూనాలో అన్నిటికన్నా ముందు చెప్పే పాఠం చతురస్రం గురించి కాదు, ఒంటి వరస గురించి. వరసలో నిలబడ్డవి ఏ కాస్త వేడి ఉన్నా మొత్తం ఒకే మాట మీద నిలవవు, ఎక్కడో ఒకచోట తెగుతాయి. అందులోనూ అన్నిటికన్నా తేలిగ్గా తిరగగలిగేది చివరి మూత, ఎందుకంటే దానికి పొరుగు ఒక్కరే. ఆ రుజువు నేను పరీక్షలో తప్పు లేకుండా రాశాను. ఆ మధ్యాహ్నం నాన్నకు మాత్రం లేని నలుగురు పొరుగువాళ్లను తెచ్చి అంటగట్టాను. నీ మూత ఎక్కడుంది నాన్నా, మధ్యనా అంచునా అని ఒక్క మాట అడగలేదు.