టక్‌వెల్ గారి నాచుముక్క

ఆంబ్రోస్ టక్‌వెల్ గారికి లోకంలో ఉన్న భయం ఒక్కటే: వాన. పెళ్లామంటే భయం లేదు, పై అధికారంటే లేదు, ఇరవై రెండు గజాల అవతల నుంచి ముఖం మీదికి దూసుకొచ్చే బంతంటే అసలే లేదు. ఆకాశంలో చేతిరుమాలంత మబ్బు కనబడిందా, ఇక చూడండి, ఆయన ప్రాణం గిలగిల్లాడిపోయేది.

ఆయన హెరన్స్ క్రికెట్ జట్టుకి కెప్టెన్. హెరన్స్ అంటే ఏదో మహా జట్టు అనుకునేరు! క్రాయిడన్ పురపాలక కార్యాలయం గుమాస్తాలు కొందరు, ఒక పళ్ల డాక్టరు, లైబ్రరీలో పుస్తకాల మీద తేదీ ముద్ర కొట్టే నార్మన్ పెడీ, అంతే. ఏటా ఆగస్టులో వారం రోజులు సెలవు పెట్టి, సోమర్సెట్ పల్లెల మీద పడి, రోజుకో ఊళ్లో స్నేహంగా ఆడి, స్నేహంగా ఓడి వచ్చే బాపతు.

వానని పసిగట్టడానికి టక్‌వెల్ గారి దగ్గర ఒక సాధనం ఉంది. మూరెడు పొడుగు సముద్రపు నాచు. గాలిలో తడి చేరితే నాచు మెత్తబడుతుందని, గాలి పొడిగా ఉంటే పెళుసెక్కుతుందని వాళ్లమ్మ చెప్పిందట. ఏ ఊరు వెళ్లినా ముందు పెవిలియన్‌లో ఒక మేకు వెతికి నాచు తగిలిస్తేగాని ఆయన టాస్‌కి కదిలేవారు కాదు. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. ఆ ఎండుచేపల కంపుకి ఆయన చుట్టూ మూడు సీట్లు ఎప్పుడూ ఖాళీయే.

ఆట మంచి పట్టులో ఉండగా హఠాత్తుగా ఆయన చెయ్యి పైకి లేచేది. "ఆగండి! వాన!"

"ఎక్కడండీ వాన? నడినెత్తిన ఎండ పేలిపోతుంటే!" అనేవాళ్లు అవతలివాళ్లు.

"రాకపోవచ్చు. వస్తే?"

స్నేహపు ఆట కదా, అందరూ గొణుక్కుంటూ పెవిలియన్‌కి వెళ్లి పావుగంట కూర్చునేవారు. చుక్క రాలేది కాదు. అందరూ మళ్లీ వచ్చి ఆడుకునేవారు.

ఈ కేకని అనుకరించడంలో నార్మన్‌ని మించినవాడు లేడు. బస్సులో సీటెక్కి, కళ్లు చిట్లించి, చెయ్యెత్తి "ఆగండి! వాన!" అన్నాడంటే పళ్ల డాక్టరు నవ్వలేక చచ్చేవాడు. టక్‌వెల్ గారూ చప్పట్లు కొట్టేవారు. "బాగుందోయ్. చెయ్యి ఇంకాస్త పైకెత్తాలి" అని సలహా కూడా ఇచ్చేవారు.

ఆ ఏడు మాత్రం నార్మన్‌కి నవ్వించే ఓపిక లేదు. ఐదు ఊళ్లలో ఐదు ఆటలు ఆడి, ఐదుసార్లూ గుండుసున్నా చుట్టాడు. మొదట్లో అందరూ వేళాకోళం చేశారు. మూడో సున్నాకి జాలిపడ్డారు. ఐదో సున్నాకి ఆ ఊసే ఎత్తలేదు. వాళ్లు నోరు మెదపకపోవడమే నార్మన్‌ని నమిలేసింది. యాభై ఒక్క వారాలు ముద్ర కొట్టేది ఈ ఒక్క వారం కోసమే. ఈ వారంలోనే తను దండగమారి అయితే ఇంకెందుకు?

అందుకే ఆరో ఆట నాడు పొద్దున్నే ఒక ఉత్తరం రాసి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు. "వచ్చే ఏడు నుంచి నా పేరు జట్టులోంచి తీసేయగలరు." ఒక్క పరుగు తీస్తే చింపేస్తాడు. తీయకపోతే కెప్టెన్ చేతికిచ్చేస్తాడు. ఎవరికీ చెప్పలేదు.

ఆ చివరి ఆట నెదర్‌కూమ్ అనే ఊళ్లో. అక్కడ రెండు భయాలు. ఒకటి జేబెజ్ కోట్. వృత్తి కమ్మరి, బౌలింగు కూడా సమ్మెటతో వేస్తాడని ప్రతీతి. రెండోది టీ చేసే డోర్కస్ వెన్ గారు. చర్చి గడియారం నాలుగున్నర కొడితేనే టీ. నిమిషం ముందు బల్ల దగ్గరికి వెళ్లినవాడు మళ్లీ ఆ ఊరు రాలేదని చెప్పుకుంటారు.

నెదర్‌కూమ్ నూట ముప్పై ఒకటి కొట్టింది. హెరన్స్ నూట ఇరవై ఆరుకి తొమ్మిది వికెట్లు పోగొట్టుకుంది. అటువైపు టక్‌వెల్ గారు పాతుకుపోయి ఉన్నారు. నాలుగూ పదికి చివరివాడిగా నార్మన్ బయల్దేరాడు. గెలవడానికి ఆరు పరుగులు కావాలి. గెలుపు ఎవడిక్కావాలి, నార్మన్‌కి ఒక్కటి చాలు.

క్రీజులో నిలబడ్డాడు. బ్యాటు నేల మీద టకటక కొట్టుకుంటోంది. జేబులో ఉత్తరం కాగితం కాదు, ఇనపముక్కలా బరువుగా ఉంది. చెమట కంట్లోకి కారింది. దూరాన జేబెజ్ చేతిలో బంతి తిప్పుతూ, చొక్కా చేతులు మడుస్తున్నాడు. "అయిపోయాను" అనుకున్నాడు నార్మన్. జేబెజ్ పరుగు మొదలుపెట్టాడు.

"ఆగండి! వాన!"

జేబెజ్ గింగిరాలు తిరిగి ఆగాడు. "ఏం కెప్టెన్, మీకు మతి ఉందా? ఎండకి నా మాడు పగిలిపోతోంది!"

"రాకపోవచ్చు" అన్నారు టక్‌వెల్ గారు దీనంగా. "వస్తే?"

అంపైరు ఆ ఊరి పాస్టరు పిమ్ గారు. ఆయన ఒకసారి ఆకాశం వైపు చూశారు, ఒకసారి పెవిలియన్ వైపు చూశారు. అక్కడి నుంచి పొయ్యిలోని కేకు వాసన వస్తోంది. "ఆ కొండ మీద చిన్న మబ్బున్నట్టే ఉందయ్యా. టీ కాస్త ముందు తాగేస్తే పోలా?"

పెవిలియన్‌లో వెన్ గారు గరిటె పట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "నాలుగున్నరంటే నాలుగున్నరే! కేకు ఇంకా పొయ్యిలోనే ఉంది!"

"మా నాచు ఒకసారి చూసుకోవాలమ్మా!" అంటూ టక్‌వెల్ గారు ఆవిడ చెయ్యి కిందనుంచి దూరిపోయారు. నార్మన్‌ని కుర్చీలో కూలేసి, వేడి టీ చేతికిచ్చి, కేకు రాగానే మొదటి ముక్క అతని పళ్లెంలో వేయించి, ఆట ఊసు ఎత్తకుండా తన పెరట్లో బీన్స్ కాపు గురించి పావుగంట ఊదరగొట్టారు. రెండో కప్పు అయ్యేసరికి నార్మన్ చేతులు వాటంతటవే నిమ్మళించాయి.

కప్పు పెట్టడానికి లేచినప్పుడు నాచు కనబడింది. ఊరికే ముట్టుకున్నాడు. అప్పడంలా ఫెళ్లున విరిగి ఓ ముక్క చేతిలోకి వచ్చింది.

అంత ఎండిన నాచుని చూసి ఎవడైనా వానంటాడా? నార్మన్‌కి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కిందటేడు పళ్ల డాక్టరు మోకాలికి దెబ్బ తగిలి, పరువు కోసం పళ్లు బిగించి నిలబడ్డప్పుడు వాన. అంతకుముందు ముసలి గుమాస్తా గిబ్స్ నాలుగు క్యాచ్‌లు వదిలేసి ఏడుపు ముఖం పెట్టినప్పుడు వాన. వాన ఎప్పుడూ మబ్బుని బట్టి రాలేదు, మనిషిని బట్టే వచ్చింది. ఇన్నాళ్లూ సీటెక్కి తను వెక్కిరించింది దీన్నా! నార్మన్‌కి సిగ్గేసింది.

మళ్లీ ఆట మొదలైంది. జేబెజ్ రంకె వేసి బంతి విసిరాడు. నార్మన్ కళ్లు మూసుకుని బ్యాటు ఊపాడు. బంతి అంచుకి తగిలి, వెనకాల ఇద్దరి మధ్య నుంచి గడ్డిలోకి దొర్లింది.

"పరుగెత్తవోయ్!" అన్నారు టక్‌వెల్ గారు.

ఒక్కటి! అవతలి క్రీజు చేరాక నార్మన్ బ్యాటుని ముద్దు పెట్టుకున్నాడు. పెవిలియన్‌లో హెరన్స్ తొమ్మండుగురూ ప్రపంచాన్ని జయించినట్టు టోపీలు ఎగరేశారు.

తరవాతి బంతిని టక్‌వెల్ గారు పొలం గట్టు వైపు బాదారు. అది గట్టు దాటలేదు, ముళ్లపొదలో ఇరుక్కుంది. నెదర్‌కూమ్ వాళ్లు దాన్ని లాగేలోపు నాలుగుసార్లు అటూ ఇటూ పరుగు తీయాల్సి వచ్చింది. చెరో నూట ముప్పై ఒకటి. ఇక ఒక్క పరుగు.

నార్మన్ అటువైపు చూశాడు. టక్‌వెల్ గారికి అరవై ఆరేళ్లు. ముఖం బూడిద రంగుకి తిరిగింది. ఊపిరి అందడం లేదు. బ్యాటు నేల మీద టకటకమంటోంది. అయినా జేబెజ్ వైపు తలెత్తి నిలబడ్డారు. ఒక్క నిమిషం ఆగమని తన కోసం అడిగే మనిషి కాదాయన.

జేబెజ్ పరుగందుకున్నాడు. నార్మన్ చెయ్యి గాల్లోకి లేచింది.

"ఆగండి! వాన!"

జేబెజ్ బంతిని నేలకేసి కొట్టాడు. "ఇదేమన్నా అంటురోగమా? కుర్రాడికి కూడా తగులుకుందే! ఎక్కడ్రా బాబూ వాన?"

"రాకపోవచ్చు" అన్నాడు నార్మన్. "వస్తే?"

పాస్టరు గారు పెవిలియన్ వైపు చూసి, కేకు ఇంకా సగం మిగిలిందని రూఢి చేసుకుని, "నా ముక్కు మీద ఏదో పడ్డట్టుందయ్యా" అన్నారు.

టక్‌వెల్ గారిని నడిపించుకెళ్లి, బూట్ల తాళ్లు వదులు చేసి కుర్చీలో కూర్చోబెట్టాడు నార్మన్. వెన్ గారు ఆయన ముఖం చూసి, అనబోయిన మాట మింగేసి, పంచదార రెండింతలు వేసిన టీ తెచ్చిచ్చారు. పది నిమిషాలకి ఆయన బుగ్గల్లోకి రంగొచ్చింది.

"నాచు చూశావా?" అన్నారు మెల్లగా.

"చూశాను సార్. పిండితే బకెట్ నిండుతుంది."

టక్‌వెల్ గారు కప్పు కింద పెట్టి, "ఈసారి చెయ్యి బాగా పైకెత్తావోయ్" అన్నారు.

సరిగ్గా అప్పుడే రేకుల కప్పు మీద టపటపమంది. చూస్తుండగానే కుండపోత. ఆ రోజు ఆట మళ్లీ మొదలుకాలేదు. తలుపు దగ్గర నిలబడి జేబెజ్ కోట్ ఆకాశాన్నీ నార్మన్‌నీ మార్చిమార్చి చూస్తూ గొణుక్కున్నాడు, "ముసలాయన కంటే ఈ కుర్రాడే ప్రమాదం."

మేకు పైన కప్పు కారడం మొదలైంది. టక్‌వెల్ గారు కంగారుగా లేచారు. "నాచు! నాచు తడిసిపోతుందోయ్! తడిస్తే పాడైపోతుంది, వచ్చే ఏటికి కావాలి!"

నార్మన్ గబగబా జేబులోంచి కాగితం తీసి, నాచుని అందులో జాగ్రత్తగా చుట్టాడు.

"ఏం కాగితం అది?"

"పనికిరానిది సార్" అన్నాడు నార్మన్.