గొడుగు, తాళం, నిమ్మకాయ

మెడలో కార్డు, చంకలో సంచి, మడమలు అరిగిన చెప్పులు. నరాల జబ్బుల సర్వే అమ్మాయి వీధిలోకి వచ్చిందంటే సగంమంది తలుపులేసుకుంటారు, అప్పులవాళ్లను చూసినట్టు. తీసినవాళ్లను చేతులు చాపమని వణుకుందేమో చూస్తుంది, గీత మీద నడవమంటుంది. "ఈ వయసులో నాకు తాగుబోతు పరీక్షేంటే?" అని ఓ ముసలాయన కసిరితే, "నడు తాతా, పడితే పట్టుకుంటాలే" అంటుంది. చివర్లో గొడుగు, తాళం, నిమ్మకాయ అని మూడు మాటలు చెప్పి, కాసేపాగి తిరిగి అడుగుతుంది. మరిచిపోయినవాళ్లకు పెద్దాసుపత్రి చీటీ.

ఆ చీటీ ఇప్పుడు ఆమె తల్లికే కావాలి. తల్లి పొయ్యి వెలిగించి మరిచిపోతోంది, తిన్న కంచం ముందే కూర్చుని ఆకలని ఏడుస్తోంది. సొంతింటివాళ్లను తాను పరీక్షించకూడదు గనక పై మేడమ్ వచ్చింది. "మూడు మాటలు చెబుతానమ్మా" అందో లేదో, తల్లి "గొడుగు, తాళం, నిమ్మకాయ" అని గడగడా అప్పజెప్పేసింది. మతి ఏమాత్రం మిగిలిందో చూద్దామని రోజూ జడ వేస్తూ కూతురు అడిగిన మాటలే అవి. అడిగి అడిగి తానే నోటికి పట్టించింది, పిచ్చిమొద్దు.

"మాటలు మార్చి అడగండి మేడమ్!"

"పైనుంచి వచ్చినవమ్మా, నేను మార్చకూడదు. మీ అమ్మగారు నిక్షేపంలా ఉన్నారు" అని మేడమ్ వెళ్లిపోయింది.

కూతురు గడపలోనే చతికిలబడింది. తల్లి వచ్చి ఆమె మొహాన చెమట తుడిచింది.

"ఎండనపడి ఎంత తిరిగావో తల్లీ! ఇక ఇంటికెళ్లు, మీ అమ్మ ఎదురుచూస్తుంటుంది."