మూడున్నర లేని పెట్టె

శ్రుతి అంటే పరీక్షలో మార్కులనుకునే తల్లుల మధ్య కూర్చుని నేను పాట చెప్పాను. తిరువూరులో మా ఇంటి వసారాయే నా బడి. ఒక చాప, ఒక హార్మోనియం, అంతే. ఇన్నేళ్ళయినా ఆ తల్లుల్లో ఒకావిడ మీద నా కోపం చల్లారలేదు. చల్లార్చుకోవాలని కూడా లేదు.

నేను చదివింది మూడో తరగతి. పాట మాత్రం మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఆయన హరికథలకి ఫిడేలు వాయించేవారు. పెళ్ళయి ఈ ఊరొచ్చాక, అది యాభైల్లో మాట, నాకు నేనే పాఠాలు మొదలుపెట్టాను. వచ్చిన తల్లులకి కాఫీలుండవు, మంచినీళ్ళుంటాయి. పిల్లలకి మొదటిరోజే చెప్పేదాన్ని: "నూనె పొదుపుగా వాడినట్టే గొంతూ వాడాలి. నూనె అయిపోతే కొట్టుకెళ్ళి తెచ్చుకోవచ్చు. ఇది ఏ కొట్లోనూ దొరకదు."

నూనె మిల్లు షావుకారుగారి అమ్మాయి పన్నెండేళ్ళది. నిండు గొంతు. మూడు శ్రుతిలో, అంటే హార్మోనియం మీద మూడో తెల్లమెట్టు షడ్జంగా పెడితే, కిందికి ఎంత దిగినా పైకి ఎంత ఎక్కినా ఎక్కడా అరుపు లేదు. శ్రుతి అంటే గాజుల కొలతలాంటిది. ఎవరి చేతికి ఏది పడితే అది. పెద్ద గాజు పట్టినంత మాత్రాన ఆ చెయ్యి గొప్పదైపోదు.

ఆ పిల్ల తల్లికి ఇది ఎక్కలేదు. ఒక సాయంత్రం పాఠం మధ్యలో వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏంటి పంతులమ్మగారూ, బట్టల కొట్టువాళ్ళమ్మాయి నిన్నగాక మొన్న చేరింది, అప్పుడే ఐదులో పాడుతుందంట. మా పిల్ల రెండేళ్ళైనా మూడులోనే ఉంది. తప్పిందా ఏంటి?"

"తప్పడానికిదేమన్నా క్లాసా అమ్మా? ఆ పిల్లది సన్న గొంతు. మీ పిల్లది నిండు గొంతు."

"నిండో, మొండో! మగపిల్లాడి గొంతులా ఉందంటున్నారు మావాళ్ళు. సరే, మీ మాటా వద్దు, నా మాటా వద్దు. మూడున్నర చెయ్యండి."

మిల్లులో పిండి చెక్క బేరం చేసినట్టే చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. హార్మోనియం ఆవిడ ముందుకి జరిపి చూపించాను. ఒకటికీ రెండుకీ మధ్య నల్లమెట్టు ఉంది, అదే ఒకటిన్నర. రెండుకీ మూడుకీ మధ్య ఉంది. మూడుకీ నాలుగుకీ మధ్య లేదు.

"మూడున్నర అనేది పెట్టెలోనే లేదమ్మా."

"లేకపోతే చేయించుకోవాలి! సగం మెట్లు లేని పెట్టె పెట్టుకుని పాఠాలేంటండీ?"

చాప మీద పిల్లలు కిసుక్కుమన్నారు. ఆవిడ కూతురు మాత్రం తల దించుకుంది.

మర్నాటి నించి ఆ పిల్ల రాలేదు. నాటకాలకి హార్మోనియం వాయించే ఒకాయన దగ్గర వేశారు. పద్యం చివర తీసే రాగం పక్క ఊరికి వినపడాలి, అదే ఆయన సంగీతం. ఆయన వారం తిరక్కుండా ఐదు పెట్టేశాడు. తల్లి బజారంతా చెప్పుకుంది. ఆ చెప్పడం విని విస్సన్నపేట నించి బస్సులో పిల్లని తీసుకొచ్చే ఇంకొకావిడ కూడా అడిగింది, "మా దాన్నెప్పుడు పెంచుతారండీ?" అని. "పెంచడానికి ఇవి బీరపాదులా?" అన్నాను. ఆవిడా మాన్పించింది. మాన్పిస్తే మాన్పించనీ.

సాయంత్రాలు షావుకారు మేడ మీంచి ఆ పిల్ల గొంతు వినపడేది. పిల్ల కనపడకపోయినా మెడ నరాలు తేలడం నాకు తెలుస్తూనే ఉండేది. ఉండబట్టలేక మిల్లుకే వెళ్ళాను.

"గొంతు పోతుందండీ, ఆపించండి," అన్నాను.

"ఆ సంగతులు మా ఇంట్లో ఆవిణ్ణడగండమ్మా," అన్నాడు షావుకారు, తక్కెడ మీంచి చూపు తిప్పకుండా.

ఆవిణ్ణడిగితే, "మీ దగ్గర మానేసిందని కడుపుమంట," అంది.

శ్రీరామనవమి పందిట్లో మైకు ముందు కూర్చోబెట్టారు పిల్లని. ఐదులో ఎత్తుకుంది. పల్లవి ఈడ్చుకొచ్చింది. చరణంలో పైకి వెళ్ళేచోట గొంతు పరపరా చిరిగింది, ఆ తర్వాత గాలి తప్ప ఏమీ రాలేదు. హార్మోనియం ఆయన పిల్లని చూడకుండా ఇంకా గట్టిగా వాయించాడు. పాట అయిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు.

తల్లి దిష్టి తగిలిందంది. ఇంటికి తీసుకెళ్ళి మిరపకాయలు దిగదుడిచి, ఆ పిల్ల ముందే నిప్పుల్లో వేసింది. చినిగిన గొంతుకి మిరపకాయల పొగ! ఆ సంగతి వినగానే నా చేతిలో చెంబు గోడకేసి కొట్టాను. చెంబుకి సొట్ట పడింది, దానికీ నాకే నష్టం.

మామిడికాయల రోజులు వచ్చినా పిల్లకి మాట రాలేదు, గుసగుసే. అప్పుడు తల్లి నా దగ్గరికి తీసుకొచ్చింది.

"మళ్ళీ మూడులోనే వేసుకోండి పంతులమ్మగారూ. బట్టల కొట్టువాళ్ళతో మాత్రం అనకండి."

"మూడులో వెయ్యడానికి గొంతేదమ్మా? ఈ వేసవంతా పిల్ల నోరు తెరవకూడదు. నా పక్కన కూర్చుని వింటుంది. మీరు ఇంట్లో ఏమన్నా అడిగితే తలే ఊపుతుంది. ఇష్టమైతే ఉంచండి, లేకపోతే తీసుకెళ్ళండి."

ఉంచింది. పిల్ల రోజూ వచ్చి కూర్చునేది. మిగతా పిల్లలు పాడుతుంటే దాని పెదాలు కదలబోయేవి, కళ్ళతోనే ఆపేదాన్ని.

తొలకరి పడ్డాక ఒకరోజు షడ్జం పట్టమన్నాను. మూడో మెట్టు మీద నిలవలేదు, కిందికి జారింది. రెండున్నరకి దించాను. అక్కడ నిలిచింది. బొంగురు లేదు, నిండుగానే ఉంది. నెమ్మదిగా పైకి తీసుకెళ్ళాను. పై షడ్జం అందింది. దాని పైన మునుపు ఈ పిల్ల హాయిగా తిరిగొచ్చిన స్వరాల దగ్గర నోరు తెరిచింది గానీ ధ్వని లేదు. రెండోసారి వద్దన్నాను.

తల్లి గుమ్మంలోనే నిలబడి ఉంది.

"పైవి ఎప్పటికొస్తాయండీ?"

"రావు."

"మందేమన్నా..."

"రావమ్మా."

ఆవిడ గడప మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఓదార్చే ఓపిక నాకు లేదు. పిల్ల వాళ్ళమ్మ వైపు తిరగబోతే గడ్డం పట్టి ఇటు తిప్పి, "ఉన్నవి పాడు," అన్నాను. పాడింది.