ఖర్బూజాకు బదులు

1985 వేసవిలో అమెరికాలో, శాంటా క్లారాలోని ఒక కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీ ఒక్క మధ్యాహ్నంలో నూటయాభై మందిని ఇంటికి పంపేసింది. తప్పంతా చవగ్గా చిప్‌లు అమ్మే జపాన్‌దేనని ఎవరో బాత్రూమ్ గోడ మీద రాశారు. ఆ వారమే పార్కింగ్ లాట్‌లో, టెక్నీషియన్ సత్యానందం కారెక్కి కూర్చున్న క్షణాన, డేల్ బేస్‌బాల్ బ్యాట్‌తో నకానో మోకాలు విరగ్గొట్టాడు.

నకానో జపాన్ నుంచి ఆ ఫ్యాక్టరీకి వచ్చిన ఇంజనీరు. ఉద్యోగం పోయేదాకా డేల్‌ది సత్యానందం పక్క బల్ల.

ఎండుకొమ్మ విరిగిన చప్పుడు. రెండో దెబ్బకి పళ్లు తారు మీద కొబ్బరి ముక్కల్లా చెదిరాయి.

"టొయోటా ఎక్కి ఇంటికి పోరా!"

మూడో దెబ్బ. నాలుగు. సాయంత్రపు ఎండ బ్యాట్ మీద ఎర్రగా జారుతోంది. సత్యానందం కారు తలుపులు లాక్ చేసుకున్నాడు. చెయ్యి హారన్ మీదే ఉంది. నొక్కలేదు.

"పోలీసులకి చెప్పకండి, ప్లీజ్. గ్రీన్‌కార్డ్ పెండింగ్‌లో ఉంది," అంది ఆ రాత్రి భార్య లూసీ. "మీరు చూళ్లేదు, అంతే."

"చూశాను లూసీ."

"చూస్తే చూశారు. హాస్పిటల్‌కి పండు పట్టుకెళ్లండి, మీ ఆపరేషన్‌కి ఆయన తెచ్చినట్టు."

నిరుడు నకానో చెక్కపెట్టెలో ఒకే ఒక్క ఖర్బూజా తెచ్చి, రెండు చేతులతో అందించి, వాసన వచ్చేదాకా కోయొద్దన్నాడు. సత్యానందం అలాంటిదే వెతికి కొని, అలాగే రెండు చేతులతో అందించాడు.

నకానో దవడ తీగలతో బిగించి ఉంది. మాట పళ్ల సందుల్లోంచి వచ్చింది.

"నీలం డాట్సన్ కారులో ఉన్నారు కదా, సత్యా సాన్."

నకానో పండుని ఒళ్లో పెట్టుకున్నాడు.

"పండు తెచ్చినవాళ్లకి, నయమయ్యాక మా జపాన్‌లో ఏదైనా పంపాలి. సబ్బో, చక్కెరో. వాడితే అయిపోయేది. జబ్బు కూడా అలా అయిపోవాలని. మీకూ పంపుతాను."

గొంతులో కోపం లేదు. పండుతో సరిపోతుందని సత్యానందం అనుకున్నాడు. ఆ సబ్బు ఏ చేతులతో అందుకుంటాడు?

హాస్పిటల్ నుంచి నేరుగా పోలీస్ స్టేషన్‌కి డ్రైవ్ చేసి, డేల్ పేరు చెప్పాడు.

నాలుగో రోజు, డేల్ స్నేహితులిద్దరు అదే పార్కింగ్ లాట్‌లో సత్యానందం కుడిచేతిని కారు తలుపు సందులో పెట్టి తలుపు మూశారు. ఎండుకొమ్మ చప్పుడు ఈసారి తన చేతి లోపల్నుంచి వినిపించింది. మళ్లీ తెరిచి, మళ్లీ మూశారు.

అక్టోబరులో తెల్లకాగితం చుట్టిన పెట్టె వచ్చింది. ఆరు సబ్బులు.

"ఇంత మంచివి వాడేయడమేంటండీ, దాచుకుందాం," అంది లూసీ.

సత్యానందం ఒకటి విప్పి కుళాయి తిప్పాడు. వంకర తిరిగిన వేళ్లలో సబ్బు నిలవలేదు. జారినప్పుడల్లా వంగి తీసుకున్నాడు.