తనంతట తాను ఖాళీ అయ్యే తొట్టి

ఆ వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ముప్పై ఒక్క ఏళ్లు ఊరి మంచినీళ్ల వాల్వులు తిప్పినవాడు కాబట్టి అందరికీ వాల్వాయనే. భుజాన వాల్వులు తిప్పే నిలువెత్తు ఇనుప తాళంచెవి వేసుకుని ఆయన మలుపు తిరిగితే చాలు, కబుర్లాడుకుంటున్న ఆడవాళ్లు మాట మధ్యలోనే వదిలేసి బకెట్ల కోసం లోపలికి పరుగెత్తేవారు. రిటైరయ్యాక తాళంచెవి ఇచ్చేశాడు. దాన్ని మోసిన భుజం మాత్రం ఇప్పటికీ కిందికి వాలే ఉంటుంది.

మేడ మీద చేపల సంసారం ఆయనది కాదు, భార్యది. ఏదో వీడియో చూసి మొదలుపెట్టింది. కింద పెద్ద నల్ల తొట్టిలో చేపలు, దాని పైన ఇనుప బల్ల మీద నిలువునా కోసిన నీలం పీపాల్లో కంకర, ఆ కంకరలో టమాటాలూ ఆకుకూరలూ. చేపలు మురికి చేసిన నీళ్లను చిన్న మోటారు పైకి తోస్తుంది. ఆ ధారను పెంచడానికీ తగ్గించడానికీ పీపా దగ్గర ఎర్రపిడి కుళాయి ఒకటుంది. మొక్కలు ఆ మురికి తిని, నీళ్లను తేటపరిచి కిందికి పంపుతాయి. వినడానికి ఎంత బాగుందో! కాకపోతే ఒక మెలిక ఉంది. కంకరలోకి నీళ్లు నిండా ఎక్కాలి, మళ్లీ మొత్తం దిగిపోవాలి. ఎప్పుడూ నిండే ఉంటే వేర్లు కుళ్లుతాయి, దిగిపోతూనే ఉంటే ఎండుతాయి. పైనుంచి నీళ్లు ఒక్కసారిగా దూకితేనే కింద తొట్టిలో గాలి కలిసి చేపలకు ఊపిరి అందుతుంది. అందుకని ఆమె గంటకోసారి మేడెక్కి, పీపా అడుగున గుడ్డ చుట్టిన బిరడా లాగి, నీళ్లు దిగాక మళ్లీ బిగించి వచ్చేది.

“ఊరంతటికీ నీళ్లొదిలారు, ఇంట్లో రెండు పీపాలకు వదల్లేరా?” అని దెప్పేది.

“జీతం ఇస్తానంటే వదులుతా,” అనేవాడాయన పేపరులోంచి తల ఎత్తకుండా.

ఒక మధ్యాహ్నం ఆమె చేతిలోని మేత గిన్నె జారి పడింది. దాని వెనకాలే ఆమె పడింది. కుడి చెయ్యి, కుడి కాలు, సగం మాట, మూడూ ఒక్క దెబ్బకు పోయాయి.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక కసరత్తు చేయించే అమ్మాయి అడిగింది. “అమ్మా, లేచి నడిస్తే మీరు మొదట ఎక్కడికి వెళ్తారు?” ఆమె ఎడమ చేతి వేలు పైకి చూపించింది. మేడకు ఇరవై రెండు మెట్లు. రోజూ పొద్దున కసరత్తు అమ్మాయి ఒకవైపు, వాల్వాయన ఒకవైపు పట్టుకుంటే ఆమె ఒక్కో మెట్టూ ఎక్కడం మొదలుపెట్టింది. మొదటి వారం రెండు మెట్లు. నెల తిరిగేసరికి తొమ్మిది. మంచం మీద పడుకున్నా ఒకటే ప్రశ్న.

“చే... పలు?”

“తిన్నాయి. నీకంటే బాగా తింటున్నాయి.”

మొదట్లో బిరడా పని ఆయనే చేశాడు. ఒకరోజు పైకెళ్లి వచ్చేసరికి ఆమె మంచం మీంచి జారి, గోడకూ మంచానికీ మధ్య ఇరుక్కుని, పిలవడానికి నోరు రాక కళ్లతో చూస్తోంది. ఇక ఆమెను ఒంటరిగా వదిలి మేడెక్కకూడదనుకున్నాడు. చేపల్నీ చావనివ్వకూడదు. పీపా తనంతట తానే ఖాళీ కావాలి.

ఆమె చూసిన ఆ వీడియోలోనే ఉపాయమూ ఉంది. కంకర మధ్యలో ఒక సన్న గొట్టం నిలబెట్టాలి. దాని మీద పైన మూత బిగించిన లావు గొట్టాన్ని గుడి గంటలా బోర్లించి, అంచున గాట్లు పెట్టాలి. నీళ్లు సన్న గొట్టం తల దాటేసరికి ఆ గంట నీళ్లన్నిటినీ లాగి గుడగుడమని కిందికి దూకిస్తుంది. చివర్లో గాట్లలోంచి గాలి దూరి ఆగిపోతుంది. మళ్లీ నిండుతుంది. నీళ్లు దించడానికి కరెంటు అక్కర్లేదు, మనిషీ అక్కర్లేదు.

ఆయనకు వీలు చిక్కేది రోజుకు రెండుసార్లే. మరదలు పక్క వీధిలో బట్టలు కుడుతుంది. షాపు తెరవకముందు ఒకసారి, మూసేశాక ఒకసారి వచ్చి అక్కను కనిపెట్టుకుని ఉండేది. ఆ కాస్త సమయంలో ఆయన మేడ మీద గొట్టాలు కోసేవాడు. మొదటి గంట పనిచేసింది! మూడుసార్లు నిండింది, మూడుసార్లు దూకింది. చిన్నపిల్లాడిలా మెట్లు దిగొచ్చి భార్యకు చెప్పాడు. సాయంత్రం ఎక్కి చూస్తే పీపా అంచుదాకా నిండి ఉంది. నీళ్లు గొట్టంలోంచి సన్నగా, ఏడుపులా కారుతున్నాయి.

కుళాయి కట్టి, గంట విప్పి గాట్లు పెద్దవి చేశాడు, బిగించాక కుళాయి మళ్లీ పూర్తిగా తెరిచాడు. ఆయన చూస్తుండగా పనిచేసింది, తెల్లారేసరికి నిండి ఉంది. మూత దగ్గర గాలి చొరబడుతోందేమోనని జిగురు పూశాడు. గొట్టం తలకు గరాటు తొడిగాడు. పాతది తీసేసి కొత్త గంట కోశాడు. రెండో గంట, నాలుగో గంట, ఏడో గంట. కళ్లెదుట ఉంటే సుబ్బరంగా దూకేది, వెనక్కి తిరిగితే మొండికేసేది.

“మీ ఆఫీసు జనాలు గుర్తొస్తున్నారు బావా,” అంది మరదలు. “పెద్దాయన ఉన్నంతసేపే పని.”

ఆయనకు నవ్వు రాలేదు. టమాటా మొక్కలు పసుపెక్కి వాలిపోయాయి. కంకర వాసన మారింది. చేపలు నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఆయనకు మూడు పూటలు తిండి సయించలేదు.

ఎనిమిదో గంట బిగించిన మర్నాడు పొద్దున, కసరత్తు అమ్మాయి కింద భార్య దగ్గర ఉండటంతో, ఆరేయడానికి బట్టల బకెట్టుతో మరదలు కూడా వెంట వచ్చింది. తొట్టి నిండా తెల్లటి పొట్టలు తేలుతున్నాయి. మూలన మూడే మూడు ఇంకా నోరు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి.

ఆయన కుళాయి పూర్తిగా తెరిచాడు. చూస్తుండగానే నీళ్లు పైకెక్కి, గుడగుడమని దూకాయి.

“చూడు! నువ్వే చూడు! పనిచేస్తోందా లేదా? దీనికేం రోగం చెప్పు!” చచ్చినవాటిని ఎత్తడానికి గిన్నె కోసం వెనక్కి తిరిగాడు.

“బావా, మళ్లీ ఎందుకు మూశావు?”

“ఏం మూశాను?”

“కుళాయి. ఇప్పుడే, నీ చేత్తోనే కొంచెం వెనక్కి తిప్పావు కదా.”

ఆయన చూసుకున్నాడు. చెయ్యి ఇంకా ఎర్రపిడి మీదే ఉంది.

ఉద్యోగంలో చేరిన మొదటి రోజే మేస్త్రీ నేర్పిన పని అది. వాల్వు పూర్తిగా తెరిచి అలాగే వదలకు, బిగుసుకుపోతుంది, పావు చుట్టు వెనక్కి తిప్పి కదులు. ఇరవై చుట్లు తిరిగే వీధి వాల్వుకు పావు చుట్టు లెక్కలోకి రాదు. ఈ ఎర్రపిడి కుళాయి మొత్తం తిరిగేదే పావు చుట్టు. కొంచెం వెనక్కంటే సగం మూసినట్టే. సగం ధారకు పీపా నిండుతుంది గానీ గంటకు దూకే బలం చాలదు. వచ్చిన నీళ్లు వచ్చినట్టే సన్న గొట్టం అంచు మీంచి జారిపోతాయి. ఆయన బిగించిన ఎనిమిది గంటల్లో దేనిలోనూ తప్పు లేదు. దిగి వెళ్లబోయే ప్రతిసారీ ఆయన చెయ్యి ఆయనకు చెప్పకుండా తన ఉద్యోగం తాను చేసింది.

మధ్యాహ్నానికి ఆ మూడూ పోయాయి.

“కొత్తవి తెచ్చి వేసేద్దాం. అక్కకేం తెలుస్తుంది?” అంది మరదలు, కళ్లు తుడుచుకుంటూ.

“తోక చిరిగింది ఏదో, ఎర్ర మచ్చది ఏదో నీకు తెలుసా? మీ అక్కకు తెలుసు.”

ఆ రాత్రి, మర్నాడు, ఆ మర్నాడు కూడా “చేపలు?” అంటే “తిన్నాయి” అనే అన్నాడు. ఆ మాట పడేసరికి ఆమెకు కాలిలో సత్తువ వచ్చినట్టుంది. పన్నెండు మెట్లు ఎక్కింది. నాలుగో రోజు పదిహేను. “ఇంకో వారంలో పైకెళ్లిపోతారమ్మా!” అని కసరత్తు అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఆమె సగం నోటితో నవ్వింది. ఒక్కో మెట్టు పెరుగుతుంటే ఆయన పైన మిగిలిన మెట్లు లెక్కపెట్టుకునేవాడు.

ఐదో రోజు పదహారో మెట్టు మీద ఆమె ఎడమ చేత్తో కమ్మీ గట్టిగా పట్టుకుని, కుడి కాలు ఎత్తబోయింది. ఇక ఆయన వల్ల కాలేదు.

“ఆగు. పైన ఏం లేదు.”

ఆమె ముఖం తిప్పి చూసింది.

“చేపలు లేవు. అన్నీ పోయాయి. ఐదు రోజులైంది.”

ఆమె పెదవులు చాలాసేపు కదిలాక మాట వచ్చింది. “గం... ట?”

“అది బాగానే ఉంది. నా చెయ్యే.”

ఏం జరిగిందో చెప్పాడు. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. తిట్టి ఉంటే ఆయన బతికిపోయేవాడు. సగం ఎత్తిన పాదాన్ని మెల్లగా ఉన్న మెట్టు మీదికే దించుకుంది.

“దిం... చండి.”

ఎక్కడానికి పట్టినదానికంటే దిగడానికే ఎక్కువసేపు పట్టింది. మర్నాడు కసరత్తు అమ్మాయి వచ్చి బతిమాలింది, కోప్పడింది, మరదలు కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. ఆమె గోడ వైపుకి తిరిగి పడుకుంది. వారం తర్వాత కసరత్తు అమ్మాయి రావడం మానేసింది. ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకుని, ఆమె ఏదైనా అడుగుతుందేమోనని చూస్తూ కూర్చుంటాడు. ఆమె ఏమీ అడగదు.