బి.ఏ. లెక్కలకు చేసిన అప్పు

ఇంటర్ ఫలితాలు వచ్చిన ఆ జూన్‌లో నాకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపించేది, వీధిలోకొస్తే మళ్లీ ఇంట్లోకి పోవాలనిపించేది. ఆదోనిలో జిన్నింగ్ మిల్లుల వెనక మా ఇల్లు. అమ్మ మిల్లులో పత్తి ఏరేది. నాయన ఒక శెట్టి మండీలో హమాలీ, పత్తి బేళ్లు మోసేవాడు. నన్ను కర్నూలు హాస్టల్లో ఉంచి చదివించిన చర్చి వాళ్ల సాయం ఇంటర్‌తో ఆగిపోయింది. అనంతపురంలో బి.ఏ. లెక్కలు చదవాలంటే అప్పు చేయాల్సిందే.

ఆ నెలలోనే ఎమ్మిగనూరు ఆడపిల్లల బడిలో ఒక టీచరు పురిటికి పోతే, ఆమె బదులు నన్ను తీసుకున్నారు. అక్కడి పెద్ద టీచరమ్మ నా సంగతంతా విని విడమరచి చెప్పింది. టీచరు ట్రైనింగులో చేరితే చదివే రోజుల్లోనే స్టయిపెండు వస్తుంది, అయిపోగానే ఉద్యోగం. బి.ఏ.కి జీతం ఎక్కువే గానీ, దాని మీద బి.టి. అనే టీచరు డిగ్రీ కూడా లేకపోతే ఆ ఎక్కువ పెద్దగా ఏమీ ఉండదట.

రోజూ బస్సులో అదే లెక్క. ఫీజు, హాస్టలు, పుస్తకాలు ఒకవైపు. రెండు జీతాల మధ్య తేడా ఇంకోవైపు. వడ్డీ కలిపితే అప్పు తీరే ఏళ్లు పెరిగిపోయేవి. పొద్దున పోయేటప్పుడు ట్రైనింగే మేలనిపించేది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు మనసు అనంతపురం మీదికి పోయేది. ఇంటర్లో మా లెక్చరరు ఒకరోజు, అంతులేకుండా కూడుకుంటూ పోయినా ఒక హద్దు దాటని మొత్తాన్ని బోర్డు మీద చూపించారు. వారం రోజులు నాకు వేరే ఆలోచన లేదు. దాని తర్వాత ఏముందో తెలుసుకోకుండా ఉండలేననిపించింది. ఆ కోరికకు నా లెక్కలో ఎంత విలువ వేయాలో తెలియలేదు.

చివరికి ట్రైనింగుకే పోతానని ఇంట్లో చెప్పాను. నాయన అప్పటికే నా బి.ఏ. అప్పుకు శెట్టితో మాట్లాడి వచ్చాడు. అప్పు తీరేదాకా నాయన వేరే మండీకి పోకూడదు, కూలీలో కొంత శెట్టి పట్టుకుంటాడు. అదీ ఒప్పందం.

"అది నేను సూసుకుంటాలేమ్మా. నువ్వు పోయి సదువుకో," అన్నాడు నాయన.

పోయాను. కానీ అనంతపురంలో పుస్తకం తెరిస్తే నాయన వీపు కనిపించేది. పక్క మంచం అమ్మాయి నిద్రపోతున్నా నేను వరండాలో తిరుగుతూనే ఉండేదాన్ని. దసరా సెలవులకు ఇంటికొచ్చేసరికి నాయన నడుముకు గుడ్డ బిగించుకుని పనికి బయలుదేరుతున్నాడు. బేలు జారి నడుము మీద పడి అప్పటికి పది రోజులయిందని అమ్మ చెప్పింది. పోకపోతే అప్పు మీద వడ్డీ పెరుగుతుందని ఆయన భయం.

చదువు మానేద్దామనుకున్నాను. ఆ మాట అమ్మతో అంటే, ఇప్పుడు మానేస్తే అప్పు మిగిలి చదువు పోతుందని అంది. ఆమె బడి మొహం చూసిన మనిషి కాదు, కానీ లెక్క సరిగ్గా చెప్పింది. మరుసటి రోజు ఒంటరిగా మండీకి పోయాను. ఆడపిల్ల ఒక్కతే వచ్చి గద్దె ముందు నిలబడితే గుమాస్తాలు రాసే పని ఆపి చూశారు. ప్రోనోటు నా పేరు మీద మార్చి మా నాయనను వదిలేయమని శెట్టిని అడిగాను.

ఆయన నవ్వలేదు. నిదానంగా అడిగాడు.

"నువ్వు పెండ్లి చేసుకోని పోతే నేను యాడ వసూలు చేసుకోవల్ల?"

"యాడికి పోయినా కట్టేది నేనే. అది కూడా రాసుకోండి," అన్నాను.

వడ్డీ మాత్రం తగ్గించనని చెప్పి, నా చదువయ్యాక కట్టేలా శెట్టి ఒప్పుకున్నాడు. సాయంత్రానికి సంగతి నాయనకు తెలిసింది. రెండో రోజు అన్నం తింటూ, "నన్నొక మాట అడిగి పోవల్సింది," అన్నాడు, అంతే. నడుము బాగయ్యాక వేరే మండీలో తూకం దగ్గర తేలిక పని చూసుకున్నాడు.

బి.ఏ. సెకండ్ క్లాసులో పాసై ఎమ్మిగనూరులోనే హైస్కూల్లో చేరాను. బి.టి. లేదు కాబట్టి పెద్ద టీచరమ్మ చెప్పినట్టే జీతం పెద్దగా ఎక్కువేమీ రాలేదు. ప్రతినెలా మొదటి ఆదివారం చర్చి నుంచి నేరుగా బస్సెక్కి ఆదోనికి పోయి శెట్టికి కట్టి వచ్చేదాన్ని. నాతో ఇంటర్ చదివి ట్రైనింగుకు పోయినామె అప్పటికే కోడుమూరులో ఇంటి జాగా కొనింది. డబ్బు ప్రకారం చూస్తే ఆమె చేసిందే సరైన పని. ఆమెను చూసినప్పుడల్లా ఆ పాత లెక్క మళ్లీ వేసుకునేదాన్ని. అయినా తొమ్మిదో తరగతి పిల్లలకు ఆల్జీబ్రా చెప్పే గంట మాత్రం ఎవరితోనూ మార్చుకోవాలనిపించలేదు.

అప్పు తీరిన ఏడాదే బి.టి.కి సీటు వచ్చింది. దానికి మళ్లీ అప్పు కావాలి. ఈసారి ముందు నాయనను అడిగాను. "ఎప్పుడు పోవల్లమ్మా," అన్నాడు ఆయన.