వాసన తీసిన నూనె

మా చిన్నప్పుడు చెనిక్కాయలు, అదే వేరుశనగ, పండించే ఇంటివాళ్లు అంగట్లో నూనె కొనడమంటే పరువు తక్కువ... మాది ఉరవకొండ పక్కన పల్లె. సొంత చేని కాయలు ఆడించి, ఏడాదికి సరిపడా నూనె డబ్బాల్లో పోసుకునేవాళ్లం.

ఒక ఏడు వాన మొహం చాటేసింది. కొత్త పంట లేదు. పాత నూనె రేకుల కప్పు కింద వేడికి ముక్కిపోయింది. అయినా పారబోయడానికి అమ్మకు మనసొప్పలేదు. నూనె కాచి, తమలపాకు, చింతపండు ఉండ వేసి వాసన తీసేది. వాసన పోతే చెడు కూడా పోయినట్టేనని అందరం నమ్మాం...

ఆ ఏడు బర్రె పాలు ఎండిపోయాయి. ఆకుకూర అన్నదే లేదు. ఒకరోజు దీపాలు పెట్టే వేళ, నేను వాకిట్లో ఎదురుగా నిలబడి ఉండగానే మా ఆరేళ్ల చెల్లెలు సరోజ చేతులు చాచి తడుముకుంది.

"అక్కా, యాడుండావు?"

ఆటలాడుతోందనుకుని నవ్వాను. రెండడుగులు వేసి రోలు తగిలి పడింది. పరుగున వెళ్లి లేవదీసి, అమ్మను కేకేశాను.

ఊరికి వచ్చే నర్సమ్మ చూసి రేచీకటి అంది. ఏం పెడుతున్నారో అడిగి, నూనె డబ్బా మూత తీయించింది.

"మా చేనిదే నర్సమ్మా. వాసన తీసేసినా," అంది అమ్మ.

"వాసన పోతే చెడు పోతాదా తల్లీ? పాలు లేవు, ఆకు లేదు. తిండిలో ఉండే కాస్త విటమిన్‌నూ ఈ నూనె చెడగొడతాండాది. పారబొయ్యి."

చెల్లెలి నోట్లో ఎ విటమిన్ మందు పోసి, మునగాకు వండి పెట్టమని చెప్పి వెళ్లింది. నాయన ఆ రోజే అంగట్లో నూనె కొనుక్కొచ్చాడు. ఎవరు నవ్వారో మేం చూసుకోలేదు.

ఆ తర్వాత పొద్దు వాలుతోందంటే చాలు, నేను సరోజ చెయ్యి వదిలేదాన్ని కాదు... అమ్మ అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయేది. "నా చేత్తోనే పెట్టినానే," అనేది.

కొన్నాళ్లకు ఒక మసక వేళ సరోజ నా వంక చూసి, "అక్కా, నీ రిబ్బను ఊడిపోయిండాది," అంది. అమ్మ పొయ్యి ముందే కూర్చుని ఏడ్చేసింది.

ఇప్పుడు నా వంటింట్లో సీసా నూనె... దానికి ఏ వాసనా ఉండదు. పిల్లలు తినే చిరుతిళ్ల పొట్లాల్లోనూ చెడేదో వాసనకు తెలియదు. అమ్మ తప్పును చెప్పడానికి ఒక నర్సమ్మ గడప తొక్కింది. నేను ప్రేమగా ఏం తప్పు పెడుతున్నానో నాకెవరు చెబుతారు?

మీ ఇళ్లలోనూ ఇలాంటివి జరిగి ఉంటే రాయండి... చదివైనా తెలుసుకుంటాను.